ఆ రెండు గంటలూ నిద్రపోయింది ఎవరు?

ముందుగా నా తెలివితక్కువతనం ఒప్పేసుకుంటాను. కోయంబత్తూరు నుంచి ఢిల్లీకి నేరుగా పోయే విమానం ఉండగా, హైదరాబాదులో దిగి ఆరు గంటలు కూర్చుని మళ్లీ ఎక్కే టికెట్టు కొన్నాను. చవక అని కాదు. రెండు విమానాల మధ్య దొరికే తీరికలో ఒంటిని ఎలా చూసుకోవాలో, మనసును ఎలా నెమ్మదిగా ఉంచుకోవాలో చెప్పే వీడియో ఒకటి ఫోన్లో చూశాను. ఆరు గంటలు అట్లా విశ్రాంతి తీసుకుంటే నా రక్తపోటు తప్పక దిగుతుందని నమ్మాను.

కోయంబత్తూరు పీలమేట్లో మాది పంపు మోటార్లకు వైండింగ్ చేసే చిన్న పట్టరై. పట్టరై అంటే వర్క్‌షాపే. నీళ్లకు ప్రెషర్ ఎక్కించి బతికేవాణ్ణి, నా ప్రెషర్ దించుకోవడం మాత్రం చేతకాలేదు.

దెయ్యాల సంగతంటారా, ముప్పై ఏళ్లుగా నాకు తీగలతో పని. కనపడకుండా మనిషిని కొట్టేది ఈ లోకంలో కరెంటు ఒక్కటేనని నా నమ్మకం. ఇప్పుడు కూడా దెయ్యం అనే మాట వాడను. మరి ఏ మాట వాడాలో తెలియకే ఇదంతా రాస్తున్నాను. నేను బళ్లో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నవి. తప్పులుంటే ఆ ముసలాయన మీద వేయండి. ఆయనెవరో చెబుతాను. అంటే, ఎవరో తెలియదని చెబుతాను.

మా అక్క ఢిల్లీలో ఉంటుంది. ఆమెకు కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఇంట్లోవాళ్లందరికీ పరీక్షలు చేస్తే సరిపోయింది నాదొక్కటే. ఇస్తానన్నాను. ఇవ్వడానికి నాకు భయం లేదు. కానీ ఆసుపత్రిలో చేతికి ఆ పట్టీ చుట్టేసరికి, ఇంట్లో బుద్ధిగా నూట ఇరవైలో ఉండే రక్తపోటు నూట అరవైకి పోయి కూర్చుంటుంది. అట్లా రెండుసార్లు ఆపరేషన్ వాయిదా పడింది. మూడోసారి కూడా ఇంతే అయితే మీది తీసుకోలేం, వేరేవాళ్లను చూసుకోండి అని డాక్టరమ్మ చెప్పేసింది. వేరేవాళ్లు ఎవరూ లేరు.

బయలుదేరే ముందు అక్క ఫోన్ చేసింది. "బిత్తర చూపులు చూసుకుంటా రావద్దురా. నిదానంగా రా. నేనేడికీ పోను" అని నవ్వింది. ఆ నవ్వుకే ఇంకో పది పెరిగుంటుంది.

నాతో వచ్చింది మా ఇంటామె సరోజ. విమానాశ్రయంలో నేను చేయవలసినవన్నీ ఒక అట్టముక్క మీద రాసి తెచ్చింది. గంటకోసారి పది నిమిషాలు నడక. నీళ్లు. బూట్లు విప్పి కాళ్లు ఎత్తులో పెట్టుకోవడం. కాఫీ వద్దు, ఉప్పు వద్దు, ఫోన్ వద్దు. కళ్లు మూసుకుని ఊపిరి మెల్లగా తీయడం. పట్టరైకి అర్జెంటు ఆర్డరు వచ్చినట్టు నేను వాటి మీద పడ్డాను. నడక అంటే దాదాపు పరుగెత్తాను. ఊపిరి ఎంత శ్రద్ధగా లెక్కపెట్టానంటే తీయడం మరిచిపోయాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఉప్పు వద్దని తెలిసీ నా సంచి అడుగున, తువ్వాలు మడతలో, కార మురుకుల పొట్లం ఒకటి దాచుకున్నాను. సరోజకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోండి.

జనం రాకపోకలకు దూరంగా ఒక మూల, వెనక్కి వాలే కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. పక్కనే రక్తపోటు చూసుకునే యంత్రం. చేయి దూరిస్తే చాలు, అంకెలూ టైమూ అచ్చు వేసి చిన్న చీటీ ఇస్తుంది. 12:05కి నాకిచ్చిన చీటీలో 158/96 అని ఉంది.

మా వరసలో, నా పక్క కుర్చీలో, తెల్ల పంచె కట్టుకున్న ముసలాయన ఒకరు గురక పెడుతున్నారు. ఇక్కడే మావాళ్లు మాత్రమే చేయగల తప్పొకటి చేశాను. మేము తమిళం మధ్య పుట్టి పెరిగినవాళ్లం. బయట పక్కవాళ్ల మీద ఏమన్నా చెప్పుకోవాలంటే మాకు ఇంటి భాష ఉంది. సరోజ పుట్టిల్లు మదురై దగ్గర. మాట్టుతావణి బస్టాండులో పక్కవాడి మీసం గురించి, వాడి మొహం ముందే, మేము హాయిగా తెలుగులో మాట్లాడుకుంటాం. ఎవరికీ అర్థం కాదని ధీమా. ఆ ధీమా అలవాటై నోట్లోనే ఉంటుంది.

"సరోజా, ఈ ముసిలోడ్ని జూస్తివా? విమానం రెక్కలు బయటుండాయి, ఇంజిను మాత్రం ఈడనే ఉండాది" అన్నాను గట్టిగా.

వరసంతా నవ్వింది. ఒకాయనకు నీళ్లు పొలమారాయి. సరోజ నా తొడ గిల్లి, ఎదురుగా గోడ మీది తెలుగు బోర్డు చూపించింది.

"ఏనుంగా, ఇది హైదరాబాదుంగా!"

ఏనుంగా అంటే మా కోయంబత్తూరు వైపు 'ఏమండీ' అనడం. కోపం వచ్చినప్పుడు మర్యాద కొంచెం సాగుతుంది.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ కంగారులోనే అక్క సంగతి, రెండు వాయిదాల సంగతి, మూడోదేమవుతుందో అన్న దిగులు, అన్నీ అక్కడే సరోజతో వెళ్లబోసుకున్నాను. మళ్లీ తెలుగులోనే. 12:40కి ఇంకో చీటీ తీశాను. 164/98.

"నువ్వు నన్నే చూస్తా కూసుంటే యెట్ల తగ్గుతుంది? కొంచేపు అట్ల పోయిరా" అని విసుక్కున్నాను. ఆమె పాపం లేచి గేటు దగ్గరికి వెళ్లిపోయింది. పక్కనున్నవాళ్లు కూడా తమ విమానం పిలుపు వచ్చిందని లేచారు. నేనూ ముసలాయనా మిగిలాం.

గురక ఆగింది. ఆయన కళ్లు తెరవలేదు.

"ఏమ్రా, ఇంజినాపేస్తిని. ఇప్పుడు శరియా?"

హైదరాబాదు తెలుగు కాదది. మా ఊళ్ల తెలుగు. మాటకు మధ్యలో తమిళం, చివర మా సాగతీత. నల్లరేగడి పొలాల్లో పత్తి ఏరుకునే ముసలివాళ్ల నోట చిన్నప్పుడు విన్న యాస.

"తప్పయిపోయింది తాతా. ఏ ఊరు మీది?" అన్నాను.

"ఊరడిగి పెండ్లికి పిలుస్తావా? నా నిదర చెరిపితివి. దానికి ఆ సంచి అడుగుననుండే మనుగుబూలు తియ్యి. ఇంగొకరికి ప్రాణం పొయ్యబోతావుండావు, నీకెందుకురా ఆ ఉప్పంతా."

అక్క సంగతి ఆయనకెట్లా తెలుసని మీరడగరు, నేనూ అడగను. ఊరంతా వినేట్టు నేనే చెప్పాను కదా. కానీ మురుకుల సంగతి? అదొకటి. రెండోది ఆ మాట. మనుగుబూలు అని మా అవ్వ ఒక్కతే అనేది. ఆమె పోయాక మా ఇంట్లో అందరికీ అది మురుకే.

తువ్వాలు విప్పి పొట్లం ఇచ్చాను. ఆయన కళ్లు మూసుకునే ఒకటి కొరికారు. కరకరమని చప్పుడు. "ఇంగ తల వాల్చు. పిలుపొస్తే లేపుతా" అన్నారు. తల వాల్చాను. ఆ కరకర దూరం పోతూ పోతూ, ఎక్కడో వాన పడుతున్నట్టు అయింది. నా కాళ్ల కింద ఎవరో మెత్తగా సంచి జరిపినట్టు గుర్తు. అంతే. అంత గాఢమైన నిద్ర నాకు కొన్నేళ్లుగా పట్టలేదు. ఇది మాత్రం ఎవరి ముందైనా చెబుతాను.

సరోజ భుజం తట్టి లేపేసరికి మూడు గంటలు. నేను నా కుర్చీలోనే ఉన్నాను. బూట్లు విప్పి ఉన్నాయి, సంచి నా కాళ్ల కింద ఉంది. ముసలాయన లేరు. ఆయన కుర్చీలో ఖాళీ పొట్లం, చక్కగా నాలుగు మడతలు పెట్టి ఉంది. సరోజ దాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు గురించి రాయను.

చేతులు శుభ్రంగా ఉన్నాయి, ఒంటి మీద పొడి రాలలేదు, నోట్లో కారం లేదు అని నిరూపించుకుంటూ చొక్కా జేబు తడిమాను. రెండు చీటీలు ఉండాల్సిన చోట మూడు ఉన్నాయి. మూడోదాని మీద టైము 2:10. అంకెలు 118/76.

2:10కి నేను నిద్రలో ఉన్నాను.

ఆ మూల కుర్చీలు సర్దే అమ్మాయి ఒకతి ఉంది, హైదరాబాదు పిల్లే. మేము తికమకపడుతుంటే తనే వచ్చింది.

"మీ నాన్నగారు లేచిండ్రా అంకుల్? మంచిగ నిద్రపోయిండ్రు పాపం."

ఎవరు నిద్రపోయారమ్మా అన్నాను.

"అదే అంకుల్, పంచె కట్టుకున్న పెద్దాయన. రెండు గంటలు కదల్లేదు. మీరే కదా ఆయన కాళ్ల కింద బ్యాగు పెట్టింది? నన్నడిగి దుప్పటి తీస్కున్నరు. నీళ్లు తెచ్చి పక్కన పెట్టిండ్రు. నడుమల పోయి ఆ మిషన్ల చెయ్యి పెట్టుకున్నరు. మల్ల వచ్చి ఆయన దగ్గర కూసున్నరు. నేను మూడుసార్లు చూసిన."

నేనా అని గుండె మీద చేయి పెట్టి అడిగాను. "మీరే, గీ నీలం అంగీ" అంది. ఆ మూలలో నీలం చొక్కా నాదొక్కటే. ఆయన కుర్చీ కింద నీళ్ల సీసా ఉంది. కుర్చీ వెనక దుప్పటి ఉంది.

అంటే అట్టముక్క మీద సరోజ నాకోసం రాసినవన్నీ నేను ఆయనకు చేశానన్నమాట. చేసినట్టు నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. పోనీ, పడుకున్నది ఆయనైతే నా కళ్ల బరువు ఎక్కడికి పోయింది? ఒళ్లు అంత తేలికగా ఎందుకుంది? నిద్ర ఆయన పోయారు, మెలకువ మాత్రం నాకు వచ్చింది.

సరోజ లెక్క సరోజకు ఉంది. నేను సగం నిద్రలో తిరిగానట, మురుకులన్నీ నేనే తిన్నానట, కాదని నాటకం ఆడుతున్నానట. అయ్యుండొచ్చు. కానీ పొట్లం నిండా కార మురుకులు తిన్నవాడి రక్తపోటు 118 ఎట్లా అవుతుందంటే ఆమె మాట మారుస్తుంది.

మర్నాడు పొద్దున ఢిల్లీ ఆసుపత్రిలో నర్సు పట్టీ చుట్టింది. నేను కళ్లు మూసుకున్నాను. ఎందుకో ఆ కరకర గుర్తొచ్చింది. 120/78. నర్సు నమ్మక రెండో చేతికి చుట్టింది. అక్కడా అంతే. డాక్టరమ్మ నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూసి, "మీరేనా?" అంది. ఆ ప్రశ్న నాక్కూడా ఉందని చెప్పలేదు.

ఆపరేషన్ అయింది. నా కిడ్నీ బల్ల మీదే పని మొదలుపెట్టిందట. నా సామాన్లలో అంత చురుకైనది మరొకటి లేదు. కళ్లు తెరిచాక అక్క అన్న మొదటి మాట, "ఇన్నేండ్లు దీన్ని నీ దగ్గర ఊరికే పెట్టుకున్నావా రా?"

ముసలాయన సంగతి అక్కకు చెప్పాను. మనుగుబూలు అన్న మాట దగ్గర ఆమె నవ్వు ఆపేసింది. ఆయన అవ్వ తరఫువాళ్ల మాదిరి ఉన్నారా అని అడిగింది. ఎంత గుర్తు చేసుకున్నా ఆ మొహం ఎవరి పోలికా కాదు. చనిపోయినవాళ్ల ఫోటోలన్నీ వెతికాం. ఎవరూ కలవలేదు. అందుకే ఇదీ అని చెప్పలేకపోతున్నాను. ఆ మూడో చీటీ పర్సులో దాచాను. అది వేడికి అచ్చుపడే కాగితం. నెలనెలా వెలిసిపోతోంది. 118 ఇంకా కనిపిస్తుంది, టైము మాత్రం నేను చెబితే తప్ప కనిపించదు. ఇంకొన్నాళ్లకు నా దగ్గర ఉండే సాక్ష్యం తెల్ల కాగితమే.

తిరుగు ప్రయాణానికి సరోజ నేరుగా పోయే విమానమే అంది. నేను మళ్లీ హైదరాబాదు మీదుగానే తీసుకున్నాను, నాలుగు గంటల ఆగడంతో. ఈసారి రక్తపోటు కోసం కాదు.

అదే మూల, అదే వరస. నా పక్క కుర్చీ ఖాళీ. ఆ అమ్మాయి ఆరోజు పనికి రాలేదు. నడుం పట్టుకుని మెల్లగా కూర్చున్నాను. కుట్లు ఇంకా లాగుతున్నాయి. యంత్రం జోలికి పోలేదు. గంటసేపు చూశాను. ఆయన రాలేదు.

ఒక కిడ్నీ ఇచ్చినవాడు ఉప్పు బాగా తగ్గించాలని డాక్టరమ్మ చెప్పింది. సరోజకు తగ్గించడం అంటే మానేయడమే. అక్క వంటింట్లోనే సరోజ నాకోసం ఉప్పు అనే పదార్థం తగలని మురుకులు చేసింది. ఒకటి తిన్నాను. పిండికి ప్రాణం లేదు. బతికున్నన్నాళ్లూ నాకిక ఇవేనట. అప్పుడు అర్థమైంది, నా జీవితంలో చివరి అసలైన కార మురుకులు పొట్లమంతా ఎవరు తినేశారో.

ఆ చప్పిడి మురుకుల నిండు పొట్లం తీసి, మూతి నాలుగు మడతలు సరిగ్గా పెట్టి, పక్క కుర్చీలో ఉంచాను. దిక్కులేని వస్తువులు వదలొద్దని మైకులో చెబుతూనే ఉన్నారు. సరోజ లే లే అంటోంది. వరసలో అందరికీ అర్థమవుతుందని తెలిసే, ఈసారి గట్టిగా, మా ఊరి తెలుగులోనే అన్నాను.

"తాతా, ఇవి గూడా నువ్వే తిను. ఒక్కటి మిగిలించినా ఊరుకోను."