గేటు దాటే కుడితి

మా కంపెనీ భూమిని కాపాడాలని తీర్మానించుకున్న రోజు నేను క్యాంటీన్‌లో పప్పుచారులో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్నాను. గరిటె చేతిలో ఉండగానే మీటింగుకు పిలిచారు. షాద్‌నగర్ దాటాక హైవే పక్కన అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీ మాది. ఇలాంటివి కంపెనీకి దేశం నిండా ఉన్నాయి. ఇక్కడ మూడు షిఫ్టుల వాళ్లకు అన్నం పెట్టే బాధ్యత నాది. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివి వంటింట్లో తేలావేమిటని చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. బెండకాయ కూడా వృక్షశాస్త్రమేనని చెప్పి ఊరుకుంటాను.

పర్యావరణం పనులు చూడడానికి హెడ్డాఫీసు ఒక అధికారిని పంపింది. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో పెరిగినవాడు, మాట మెత్తన. అప్పటికే షెడ్ల మీద సోలార్ పలకలు పరిచారు. బాయిలర్‌లో బొగ్గు మానేసి పల్లీ పొట్టు దిమ్మలు కాలుస్తున్నారు. పాలమూరులో పల్లీ పొట్టుకు కరువేముంది? స్నానాల గదుల నీళ్లు, క్యాంటీన్ నీళ్లు శుద్ధిచేసి తోటకు పారిస్తున్నారు. నాకు ప్రతిదానికీ వంక పెట్టే గుణం ఉందంటారు గానీ వీటికి నేనేమీ వంక పెట్టలేదు. బొగ్గు పోయాక మా క్యాంటీన్ కిటికీల మీద మసి పోయింది. ఆ కిటికీలు తుడిపించేది నేనే కదా.

"ఇక మిగిలింది క్యాంటీన్" అన్నాడతను. "గేటు దాటి చెత్త బయటికి పోకూడదని మన లక్ష్యం. మిగిలిన తిండిని ఇక్కడే ఎరువు చేసే మెషిన్ వస్తోంది."

"మా క్యాంటీన్ల చెత్త లేదు సార్."

"రోజూ నీలం డ్రమ్ములు బయటికి పోతున్నాయి కదా మేడమ్?"

"అది చెత్త గాదు. కుడితి."

అతను ఆ మాట రాసుకున్నాడు. తీసుకుపోయేది ఎవరని అడిగితే పక్క ఊరి ఆమె అని చెప్పాను. ఆమెకు లైసెన్స్ ఉందా అన్నాడు.

"నాలుగు బర్రెలున్నయి సార్. ఒక్కటన్న ఇప్పటిదాంక లైసెన్స్ అడగలె."

ఫ్యాక్టరీ పెద్దసారు గట్టిగా నవ్వాడు. నవ్వి, మెషిన్ కాగితం మీద సంతకం పెట్టాడు.

నేను పుట్టింది నల్లగొండ వైపు, మగ్గాల ఇంట్లో. అన్నం వార్చిన గంజిలో మంచిది నూలుకు పోయేది, పోగు గట్టిపడడానికి. మిగిలిన గంజి, బియ్యం కడుగు, కూరగాయల తొక్కులు అన్నీ వాకిట్లో కుడితి గోళెంలో పడేవి. మాకు బర్రె లేదు. అయినా గోళెం ఉండేది. ఎదురింటి వాళ్లు వచ్చి ముంచుకుపోయేవాళ్లు, పండగపూట చెంబెడు మజ్జిగ పోసేవాళ్లు. చెత్తబుట్ట అనే వస్తువును నేను మొదటిసారి కాలేజీ హాస్టల్లో చూశాను. తినేదాన్ని అందులో వేయడానికి చాలా రోజులు చెయ్యి రాలేదు. అందుకే ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో, క్యాంటీన్ వెనక గుంట తీసి అన్నం పూడుస్తుంటే చూడలేక పక్క ఊరి ఆమెను నేనే పిలిపించాను. ఇక్కడా అట్టలకు గంజి పెట్టి అతికిస్తారు. గంజి వాసన ఉన్న చోట కుడితి ఉండడం నాకు వింతగా తోచలేదు.

ఆమె నాకంటే కొంచెం పెద్దది. నోటి విషయంలో మాత్రం ఎవరు పెద్దో ఇప్పటికీ తేలలేదు. రోజూ మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో ఖాళీ డ్రమ్ములు తెచ్చి, నిండినవి తీసుకుపోయేది. ఆ రోజు గేటు దగ్గర నన్ను చూడగానే అడిగింది.

"ఏందే చెల్లె, మొకం గట్ల పెట్టినవు? అన్నం మాడిందా?"

"మెషిన్ వస్తుందక్కా. వచ్చే నెల సంది కుడితి బందు."

"మెషిన్ గుడ కుడితి తాగుతదా?"

"తాగుతది. తాగి ఎరువు పెడ్తది."

"నా బర్రెలు గుడ ఎరువే పెడ్తయి. మీదికెల్లి పాలిస్తయి. మీ మెషిన్ ఇస్తదా పాలు?"

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"గీ కంపెనీ కట్టిన జాగ ఏందో నీకెర్కేనా? మా ఊరి బర్రెలు మేసిన బీడు. గడ్డి మీరు తీస్కున్నరు. కుడితి ఇచ్చిండ్రు, సరే అనుకున్న. ఇప్పుడు గది గుడ తీస్కుంటే ఇగ సంతకు తోలుడే. ఒక్కొక్కటే అమ్ముకుంట కూసోవాలె."

కొట్లాడడానికి నాకు ఇంతకంటే మంచి కారణం దొరకదు. తర్వాతి మీటింగులో లేచి నిలబడ్డాను. "మనం కరెంటు పెట్టి అన్నాన్ని మట్టి చేస్తం. ఆమె కరెంటు లేకుండ పాలు చేస్తది. భూమికి ఏది మేలో మీరే చెప్పుండ్రి" అన్నాను. మాట బాగానే తగిలింది. గెలిచాననుకుని వచ్చి టీ తాగాను.

మరుసటి రోజు అధికారి నన్ను క్యాంటీన్ వెనక్కి రమ్మన్నాడు. నేల మీద టార్పాలిన్ పరిచి ఉంది. మా నీలం డ్రమ్ము ఒకదాన్ని దాని మీద బోర్లించారు. అన్నం, చారు, బెండకాయ ముచ్చికలు. వాటి మధ్య చిన్న చిన్న పచ్చడి ప్యాకెట్లు, పెరుగు కప్పుల మూతలు, ప్లాస్టిక్ చెంచాలు. కరోనా నాడు శుభ్రత కోసం తెచ్చినవి ఇవన్నీ. కరోనా పోయినా ఇవి పోలేదు. అలవాటయ్యాక వాటిని వస్తువులుగా చూడడం మానేశాం.

అతను ఎగతాళి చేయలేదు. చేసి ఉంటే నాకు సులువయ్యేది. "వీటిని బర్రె తింటే ఏమవుతుంది మేడమ్?" అని మాత్రం అడిగాడు.

వంగి ఒక పచ్చడి ప్యాకెట్ ఏరాను. దాని కింద ఇంకొకటి ఉంది.

మధ్యాహ్నం ఆమె రాగానే అడిగాను. "అక్కా, కుడితిల కవర్లు వస్తున్నయా?"

"వస్తయి. ఏరుతా" అని డ్రమ్ముకు తాడు కట్టుకుంటూ ఉండిపోయింది.

"అన్ని దొరుకుతయా?"

"రెండు చేతులు పెట్టి దేవులాడుత. నీకెందుకే గీ పంచాయితీ?"

"అన్ని దొరుకుతయా అని అడిగిన."

తాడు వదిలేసి నా వైపు తిరిగింది. "దొరకవు. పోయినేడు దుడ్డె పోయింది. చూలు కట్టే ఈడుది. మేత ముట్టకుంట వారమంత గట్లనే నిలబడ్డది. పశువుల డాక్టరు కోసి చూపెట్టిండు. కడుపుల ఇంత ముద్ద, కవర్లే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె ఏం చేస్తరు? పాపం అని కుడితి బందు పెడ్తరు. ఉన్న బర్రెల కడుపుకు ఏం పెట్టాలె?"

ఆటో వెళ్లిపోయాక కూడా నేను గేటు దగ్గరే నిలబడ్డాను. మెషిన్ మంచిదా, బర్రె మంచిదా అని పెద్ద మీటింగులో వాదించుకున్నాం. డ్రమ్ములో ఏముందో ఆమెకు ముందే తెలుసు. నష్టం కూడా ఆమెదే. అయినా నోరు తెరవలేదు. నాతో అంత మాట్లాడే మనిషి! మనకు వచ్చేది హక్కుగా రానప్పుడు, అందులో రాళ్లున్నాయని చెప్పడానికి భయపడతాం. రాళ్లతో పాటు బియ్యమూ ఆగిపోతాయని. ఆమె సంతోషంగా తీసుకుపోతోంది కాబట్టి అంతా బాగుందని నేను అనుకున్నాను. బాగున్న పనిని మళ్లీ తిరగేసి చూడం కదా.

అధికారి దగ్గరికి వెళ్లి దుడ్డె సంగతి చెప్పాను. "బర్రెకా మెషిన్‌కా అన్నది తర్వాత. అసలు పల్లెంలకు ప్యాకెట్ ఎందుకు రావాలె?" అన్నాను. అతను "అది మెషిన్ కంటే ముందు చేయాల్సిన పని" అన్నాడు. ఈ ఒక్క మాటకు అతని మీద నాకు గౌరవం కలిగింది. పైవాళ్లతో మాట్లాడి ప్యాకెట్లు ఆపించింది అతనే.

పచ్చడి జాడీల్లోకి, పెరుగు గిన్నెల్లోకి వచ్చాయి. నేను జాడీ పక్కన నిలబడి వడ్డించేదాన్ని. లైన్లో నిలబడ్డవాళ్లు ఊరుకుంటారా?

"గింతేనా మేడమ్? మీ అత్తగారింటి పచ్చడా ఏంది?"

"మా అత్తయితే గా స్పూను గుడ ఇయ్యకపోతుండె. జరుగు."

ఎంగిలి పళ్లేల్లో మిగిలింది మెషిన్‌కు, ఎవరూ ముట్టని అన్నం, గంజి, కడుగు, తొక్కులు ఆమె డ్రమ్ములకు అని ఏర్పాటైంది. లైసెన్స్ గొడవను పెద్దసారు తనే సర్దాడు, ఎలాగో నేను అడగలేదు. మా చారూ రసమూ మింగలేక మెషిన్ మొదట్లో నానా అవస్థ పడింది. రంపపు పొట్టు కలిపి దాన్ని కూడా దారికి తెచ్చారు.

అంతా సర్దుకుందనుకునేలోపు ఆమె డ్రమ్ములో చెయ్యి పెట్టి కలిపి చూసింది. "నీళ్లే ఉన్నయి. మీ వాళ్లు తినుడు నేర్చుకున్నరా ఏంది?"

నిజమే. నిలబడి వడ్డిస్తుంటే ఎవరూ ఎక్కువ పెట్టించుకోలేదు, ఎక్కువ పారేయలేదు. మేమూ బియ్యం తగ్గించాం. కంపెనీ గోడ మీద బోర్డు పెట్టి మెచ్చుకున్నది సరిగ్గా ఇదే. మా వృథా తగ్గితే ఆమె బర్రెల కడుపుకు తిండి తగ్గింది. బీడు పోయినప్పుడు మిగులు మీద బతకమన్నాం. ఇప్పుడు ఆ మిగులు కూడా తగ్గించాం. ఎవరిదీ తప్పు కాదనడానికి నాకు మనసొప్పలేదు.

శుద్ధిచేసిన నీళ్లతో పెంచే ముందువైపు పచ్చిక తీసేసి పశుగ్రాసం వేద్దామన్నాను. అతిథులు వచ్చే చోటని పెద్దసారు ఒప్పుకోలేదు. అడిగిన దాంట్లో సగం కూడా రాలేదు. బాయిలర్ వెనక ప్రహరీ పొడవునా ఉన్న ఖాళీ జాగా ఇచ్చారు. అధికారి ఆ నీళ్లను పరీక్ష చేయించాకే గడ్డి నాటించాడు. ఆమె వారానికి రెండుసార్లు లోపలికి వచ్చి కోసుకుపోతుంది. తన బీడులోకే పాసు మెడలో వేసుకుని రావాల్సి వస్తోందని ప్రతిసారీ నాకు వినిపిస్తుంది. వింటాను. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఈ మధ్య ఆమె పెద్ద బర్రె ఈనింది. దుడ్డే, ఆడదూడ. నాలుగో రోజు స్టీలు గిన్నెలో జున్ను పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. సెక్యూరిటీ ఆపేశాడు.

"బయటి తిండి లోపలికి రానియ్యం."

"లోపటి తిండి తిన్న బర్రె పాలే గివి" అందామె. అయినా అతను కదలలేదు.

నేను, అధికారి బయటికి వెళ్లి ఆటో పక్కన నిలబడి తిన్నాం. ఇలాచి వేసింది, బెల్లం కొంచెం ఎక్కువైంది. ఆ మాట అన్నాను. నోరు మూసుకుని తినమంది. గిన్నె ఖాళీ అయ్యాక క్యాను నీళ్లు పోసి, అడుగున అంటుకున్నదంతా వేళ్లతో రాసి కడిగింది. ఆ నీళ్లు పారబోయలేదు. ఆటోలో ఉన్న నీలం డ్రమ్ము మూత తీసి అందులో పోసుకుంది.