చుక్క నీరు దూరని లెన్సు

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద కంటే యూట్యూబులో కెమెరా రివ్యూలు చెప్పేవాళ్ల మీద ఎక్కువ నమ్మకం ఉండేది. మరీ పాత రోజులేమీ కావు, ఏడెనిమిదేళ్ల కిందటి మాట. ఆమదాలవలసలో ఒక స్టూడియోలో పనికి కుదిరి, పెళ్లిళ్లకు ఫొటోలు తీయడం నేర్చుకుని, ఇక నాకు నేర్పేవాళ్లు అక్కర్లేదనుకున్న వయసు. గడ్డం సరిగ్గా రాకపోయినా అభిప్రాయాలు మాత్రం గుబురుగా ఉండేవి. అప్పట్లో బాగా పేరున్న ఒక రివ్యూకారుడు (ముఖం ఎప్పుడూ చూపించేవాడు కాదు, రెండు చేతులు మాత్రం కనిపించేవి, గొంతు వినిపించేది) ఒక లెన్సును కుళాయి కింద పెట్టి, ధారగా నీళ్లు వదిలి, తుడిచి, "చూశారా, ఒక్క చుక్క లోపలికి వెళ్లలేదు" అన్నాడు. వెదర్ సీలింగ్ అంటే లెన్సు అతుకుల దగ్గర సన్నని రబ్బరు పట్టీలు వేసి వాన జల్లు, దుమ్ము లోపలికి పోకుండా ఆపే ఏర్పాటు. లెన్సుతో పాటు వచ్చిన కాగితంలో మాత్రం 'తుంపర్లను కొంతమేరకు తట్టుకుంటుంది, నీటిలో తడపరాదు' అని చిన్న అక్షరాల్లో ఉంది. చిన్న అక్షరాలు చదివే అలవాటు నాకు లేదు. ఆ లెన్సే కొన్నాను.

కొన్న వారానికే నేను కూడా రివ్యూ చెయ్యాలనిపించింది. మా ఇంటి బాత్రూమే స్టూడియో. ఫోను పట్టుకున్నది మా బావ, అంటే మా అక్క మొగుడు. మామూలు రోజుల్లో ఆటో నడిపేవాడు, పెళ్లిళ్ల రోజుల్లో నాకు లైట్లు మోసేవాడు. నేను మగ్గుతో నీళ్లు ఎత్తాను. "ఏటి సూస్తన్నావు, పొయ్యి!" అన్నాడు బావ. పొయ్యలేకపోయాను. కన్నబిడ్డను నూతిలోకి వంచినట్టు అనిపించింది. చివరికి స్టూడియోలో ఏనాడో పాడైపోయి మూల పడున్న లెన్సొకటి తెచ్చాను. అదీ నల్లగా, లావుగా అచ్చం నా లెన్సులాగే ఉండేది. దాని మీద మగ్గుడు కాదు, బకెట్టుడు నీళ్లు ధైర్యంగా గుమ్మరించాను. వీడియో ఆపి, పొడిగా ఉన్న నా లెన్సు చేతిలోకి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టి, తువ్వాలుతో తుడుస్తున్నట్టు నటించి, "చూశారా, ఒక్క చుక్క లోపలికి వెళ్లలేదు" అన్నాను. జనం తెగ చూశారు. కింద మెచ్చుకోళ్లే మెచ్చుకోళ్లు. వాటిని పొద్దున లేవగానే చదువుకునేవాణ్ణి. అలా చదవగా చదవగా కొన్నాళ్లకు నాకే తెలియని విచిత్రం జరిగింది. ఆ వీడియోలో తడిసింది నా లెన్సేనని నేను కూడా నమ్మడం మొదలుపెట్టాను.

ఆ వీడియో చూసే ఒక పెళ్లికొడుకు ఫోను చేశాడు. కోటబొమ్మాళి దగ్గరి రైతుల పిల్లాడు. "అన్నా, అందరిలాగ పార్కులో ఒద్దు. మంచులో, కెరటం మీద పడతన్నట్టు ఫొటోలు గావాల. నీ లెన్సుకి నీరు బయం నేదు కదా!" అన్నాడు. "అస్సలు లేదు" అన్నాను.

మంచు కురిసే కాలం. తెల్లారి ఆరు దాటాక భావనపాడు తీరం చేరాం. పెళ్లికూతురితో ఆమె మేనమామ, అమ్మమ్మ వచ్చారు. అమ్మమ్మ ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. కారు దిగిన దగ్గర్నుంచి ఆవిడ సముద్రం వైపు చూడలేదు. దానికి వీపు పెట్టి ఇసుకలో కూర్చుంది. నిజానికి ఆ పొద్దున చూడ్డానికి సముద్రమే లేదు. పది అడుగుల అవతల అంతా తెల్లటి గోడ. ఆ గోడ వెనకాల కెరటం విరిగిన చప్పుడు, ఆ తర్వాత ఊపిరి పీల్చుకున్నట్టు నీరు వెనక్కి పోయిన చప్పుడు. ఒడ్డున బోర్లించిన తెప్పలు తప్ప మనిషి జాడ లేదు. ఎక్కడో ఒక కాకి అరిచి, తన గొంతుకు తానే జడిసినట్టు ఊరుకుంది.

నేను మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, జంటను ఒడ్డున నిలబెట్టి, కెరటం నా మీదా కెమెరా మీదా చిమ్ముతున్నా లెక్క చెయ్యకుండా తీశాను. తర్వాత ఒడ్డుకొచ్చి, సముద్రం వెనకాల పడేలా వాళ్లను నీళ్ల అంచున నిలబెట్టాను. అప్పుడే మంచులోంచి సూర్యుడు పలచగా వెలిగాడు. రెండు ఫొటోలు తీసి స్క్రీన్ మీద చూసుకున్నాను. పెళ్లికూతురికి ఎడమ పక్కన, నీళ్ల మీద, ఎవరో నిలబడి ఉన్నారు.

తెల్లగా, సన్నగా, కింద చీర కుచ్చిళ్లలాగ వెడల్పుగా ఉంది. పైన చిన్న గుండ్రటి తల, కొంచెం పక్కకి వాల్చినట్టు. కళ్లెత్తి చూశాను. ఎవరూ లేరు. మళ్లీ తీశాను. ఉంది. వాళ్లను నాలుగడుగులు జరగమని తీశాను. అదీ జరిగింది. పది నిమిషాలయ్యాక తీసిన ఫొటోలో ఇంకాస్త పెద్దదైంది. పెద్దదైందంటే దగ్గరికొచ్చిందన్నమాట. బావకు చూపించాను. బావ స్క్రీన్ వైపొకసారి, నీళ్ల వైపొకసారి చూసి, లైటు స్టాండు ఇసుకలో పాతి, "ఎల్పోదాం రా" అన్నాడు మెల్లగా. (బావ అంత మెల్లగా మాట్లాడటం అంతకు ముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు.)

మా ముఖాలు చూసి మేనమామ కెమెరా లాక్కున్నాడు. అమ్మమ్మ లేచొచ్చి ఆయన చేతిలోని స్క్రీన్ మీద చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత, అప్పటిదాకా వీపు పెట్టిన సముద్రం వైపు తిరిగి, "ఒలే సిన్నమ్మీ!" అని పిలిచింది. ఎవరినో కేకేసినట్టు కాదు, పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచింది.

సిన్నమ్మి అంటే ఆవిడ చెల్లెలట. అరవై ఏళ్ల కిందట అక్కచెల్లెళ్లిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఇక్కడే సముద్ర స్నానానికి దిగారట. కెరటం వచ్చి వెళ్లాక ఈవిడ చేతిలో చెల్లెలి గాజు ముక్క మిగిలిందట. మనిషి దొరకలేదు. "అదే నిలబాటు, తల అలాగే ఓరగా ఎట్టీది. పిల్ల పెళ్లని తెలిసి వచ్చినాది" అంది. పెళ్లికూతురు ఏడవడం మొదలుపెట్టింది. మేనమామ ముఖం నల్లబడింది. "నీటిలో పోయిన మనిషి పెళ్లికూతురి పక్కన నిలబడ్డాదంటే మంచిది కాదు. ముహూర్తం ఆపీమని ఆలకి సెప్పేస్తాను" అని ఫోను తీశాడు. 'ఆలు' అంటే పెళ్లికొడుకు తల్లిదండ్రులు. పెళ్లికొడుకు "మావా, ఆగు మావా" అంటూ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

కెమెరా మళ్లీ నా చేతికొచ్చింది. అందుకోవడంలో వేలు తగిలి, నిలువుగా ఉన్న కెమెరాలో క్లిక్ పడింది. స్క్రీన్ మీద చూస్తే సిన్నమ్మి నీళ్ల మీద అడ్డంగా పడుకుని ఉంది. అడ్డంగా తిప్పి తీశాను. లేచి నిలబడింది. నిలువుగా తిప్పాను. పడుకుంది. అప్పుడు లెన్సును వెలుతురుకి ఎత్తి లోపలికి చూశాను. లోపలి అద్దం మీద ఉప్పునీటి చార, దాని చుట్టూ ఆవిరి. సూర్యుడి వెలుతురు దాని మీద పడి వెలుగుతోంది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను వెంటనే నోరు విప్పలేదు. దెయ్యం వచ్చిందంటే నా తప్పు లేదు, నీరు దూరిందంటే నా పరువు పోతుంది. మేనమామ నంబరు వెతుకుతున్నంతసేపూ నేను దెయ్యం పక్షానే నిలబడ్డాను. పెళ్లికూతురు కళ్లు తుడుచుకుంటూ నావైపు చూసి, "అన్నా, నిజంగా ఉన్నాదా?" అని అడిగింది. ఆ మాటకి ఇక ఆగలేకపోయాను.

"లేదమ్మా. నా లెన్సులోకి నీళ్లు పోయాయి" అన్నాను. కెమెరా తిప్పి తిప్పి అందరికీ చూపించాను. మేనమామ తానే రెండుసార్లు తీసి చూసుకుని ఫోను జేబులో పెట్టుకున్నాడు. పెళ్లికొడుకు మాత్రం నమ్మలేకపోయాడు. "అదేటన్నా! వీడియోలో బకెట్టుడు నీలు పోసేవు కదా?" అన్నాడు. నేను ఇసుక వైపు చూశాను. నా బదులు బావే చెప్పాడు: "అది ఈ లెన్సు కాదు బాబూ. అది సచ్చిపోయిన లెన్సు." పెళ్లికూతురు ఏడుపులోంచే పకపకా నవ్వింది. మేనమామ నవ్వలేదు గానీ, తిట్టడానికి తెరిచిన నోటిని మళ్లీ మూసుకున్నాడు.

నవ్వులన్నీ అయ్యాక అమ్మమ్మ నా దగ్గరికొచ్చి, "నీరు దూరితే దూరినాది. దూరిన నీరు మా సిన్నమ్మి నాగే ఎందుకు నిలబడ్డాది?" అని అడిగింది. దానికి నేను చూసిన రివ్యూల్లో దేనిలోనూ జవాబు లేదు. "ఆ పొటో నాకు కడిగించి ఇయ్యి బాబూ" అంది.

ఇచ్చాను. లెన్సును విశాఖలో బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళితే, ఉప్పు తినేసిందని పెదవి విరిచాడు. పాత వీడియో తీసేసి, జరిగింది జరిగినట్టు చెబుతూ ఇంకొకటి పెట్టాను. దాన్ని చూసినవాళ్లందర్నీ కలిపి బావ ఆటోలో ఒక్కసారే ఎక్కించెయ్యొచ్చు.

రెండేళ్ల తర్వాత ఆ దంపతుల బిడ్డకు పుట్టినరోజు ఫొటోలు తీయమని ఆ అమ్మమ్మ ఇంటికే పిలిచారు. వెళ్లాను. లోపలి గదిలో గోడకి, పటం కట్టించి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి ఉంది ఆ ఫొటో. అందులో పెళ్లికూతుర్నీ పెళ్లికొడుకునీ కోసేసి, తెల్లటి చారను మాత్రం ఉంచారు. "దండం ఎట్టుకో" అంది అమ్మమ్మ. అది ఉప్పునీరని నాకంటే బాగా తెలిసినవాడు ఈ లోకంలో లేడు. అయినా చేతులు జోడించాను. కళ్లు మూసుకుంటే, బాత్రూములో చచ్చిపోయిన లెన్సు మీద బకెట్టుడు నీళ్లు గుమ్మరిస్తూ ఫోను వైపు గర్వంగా చూస్తున్న ఒక కుర్రాడు కనిపించాడు. వాడి మీద కోపం రాలేదు. దండం పెడుతూ పెడుతూనే నవ్వొచ్చింది. అమ్మమ్మ చూస్తుందేమోనని తల ఇంకాస్త కిందికి దించుకున్నాను.