రెండు తీగలు

భూమిక ఫైబర్ కొనను ఎప్పుడూ మూడుసార్లు తుడుస్తుంది, బిగించేటప్పుడు ఊపిరి కూడా తీసుకోదు. పావగడ సోలార్ పార్కులో ఇన్వర్టర్ల రీడింగులను కాంతిగా మార్చి, ఫైబర్ కేబుల్ గుండా కంట్రోల్ రూముకు పంపే చిన్న పెట్టెను నిన్న పొద్దుగుంకాక ఆమే అమర్చింది. పొద్దున్నుంచి ఒక్క రీడింగూ చేరలేదు. గడ్డి కోసే దాసన్న కొడవలికి కేబుల్ తెగిందని సూపర్‌వైజర్ తేల్చేశాడు. అదే నిజమైతే దాసన్నకు రేపటి నుంచి పని లేదు. "నేను ఆ పక్కకే పోలేదమ్మా," అంటూ అతను ఇన్వర్టర్ గది గుమ్మంలోనే నిలబడిపోయాడు.

భూమిక కేబుల్‌లోకి ఎర్రలైటు వేసింది. "ఈడ కనపడతాండాదక్కా," అని కంట్రోల్ రూములో అవతలి కొస దగ్గరున్న హెల్పర్ ఆంజనేయ ఫోన్లో చెప్పాడు. అంటే కేబుల్ తెగలేదు. చెమట కళ్లలోకి దిగుతున్నా తుడుచుకోకుండా ఆమె పెట్టె తీగలు చూసింది. రెండు తారుమారయ్యాయి. బిగించింది తనే. సరిచేయగానే పెట్టె మీది లైటు మిణుకుమంది.

"రీడింగులు వస్తాండాయి. ఏమైండె?" సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

దానంతటదే సర్దుకుందంటే నమ్మేవాడే. ఆమె పనిలో చేరి నెల కూడా కాలేదు.

"తప్పు నాదే సార్. వైర్లు తిరగేసి బిగించినా. దాసన్నది ఏమీ లేదు."

"సాయంత్రం ఆఫీసుకొచ్చి అదే రాసియ్యి," అని అతను పెట్టేశాడు.

"నీ పని పోదు గదా తల్లీ?" దాసన్న అడిగాడు.

"తెలీదు దాసన్నా," అంటూ ఆమె పెట్టె మూత బిగించే ముందు ఆ రెండు తీగలనూ మూడుసార్లు చూసుకుంది.