సరేసారు వాపసిచ్చిన మక్క మొలకలు

ఎవరూ మోసం చేయకుండానే, కేవలం నా తెలివితోనే లారీ మక్కల (మొక్కజొన్నలన్నమాట) బేరాన్ని నిలువునా ముంచిన ఘనత ఆత్మకూరు ధాన్యం గంజ్‌లో నా ఒక్కడిదే. ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, అనుమానమే వ్యాపారానికి పెట్టుబడి అని నమ్మే వయసు నాది. హోటలాయన చాయ్ నిండుగా పోసినా ఎందుకు పోశాడా అని గ్లాసు అడుగు చూసేవాణ్ని. అలాంటి నాతో మా బాపు, "గీ మక్కల బేరం నువ్వొక్కనివే చెయ్. మంచిగ చేస్తే గల్లా తాళంచెవి నీకే" అన్నాడు. ఆ తాళంచెవి ఎప్పుడూ బాపు మొలతాడుకే ఉండేది (స్నానానికీ విప్పేవాడు కాదు). దాని మీద నాకూ, మా అక్కకూ కన్నుండేది.

కొనడానికి వచ్చినవాడు ఇథనాల్ ఫ్యాక్టరీ మనిషి. నేను ఏ ధర చెప్పినా "సరే సార్" అన్నాడు గనక సరేసారు అని పేరు పెట్టుకున్నాం. బేరమాడని మనిషిని అంతకుముందు చూసి ఎరగను. చాయ్ తాగించి కూపీ లాగితే, "గింజంత మాకు పనికిరాదు సార్. మిషన్ల పొట్టు వేరే, గింజ లోపల మొలకెత్తే ముక్క, గదే మొలక, వేరే తీస్తం. ఉత్త పిండినే పులియబెడ్తం. గట్లయితే ఇథనాల్ ఎక్కువొస్తది" అన్నాడు.

దొరికాడనుకున్నాను. మట్టి అనీ తేమ అనీ తూకంలో కోసేదాన్ని మా గంజ్‌లో తరుగు అంటారు (మేమూ కోసినవాళ్లమే, అందుకే ఆ విద్య తెలుసు). రేపు ఈయన పొట్టునూ మొలకనూ తరుగు కింద కోసేస్తే? "అయితే పిండికే పైసలియ్యి. పొట్టు, మొలక మాకు వాపసియ్యి" అన్నాను.

సరేసారు మొదటిసారి సరే అనలేదు. "వద్దు సార్. మొత్తం గింజకు ధర ఇస్తున్న కద. మొలకల నూనె ఉంటది, జల్ది పిండకుంటే కంపు లేస్తది."

నూనె! అసలు గుట్టు ఇదన్నమాట! లోపలి నుంచి అక్క, "గింజను గింజ లెక్కనే అమ్మి చేతులు దులుపుకోరాదుర!" అని అరిచింది. "నీకు బేరం తెల్వదు, ఊకో అక్కా" అన్నాను. ఆయన నిట్టూర్చి, "సరే సార్" అన్నాడు.

పొట్టు, మొలకల బస్తాలు తిరిగొచ్చాయి, కిరాయి మాదే. పల్లి గానుగ తాత మొలకల్ని వేళ్ల మధ్య నలిపి, "ఇవి పల్లీలు గావు బిడ్డా. నా గానుగల నూనె రాదు, ముద్దయితది" అన్నాడు. ఇంకో గానుగ వెతికేలోపు ఎండకు అవి ముక్కిపోయి, మా కొట్టుకు రావాల్సిన రైతులు ముక్కు మూసుకుని ఎదురు కొట్టుకు నడిచారు. గొర్లు కాసే మామ పొట్టు సంతోషంగా తీసుకున్నాడు గానీ, మొలకల దగ్గర ఆగిపోయాడు. "అల్లుడా, గొర్లు గూడ నీ లెక్కనే అనుమానపడ్తున్నయి. మూతి పెడ్తలేవు."

ఇక లెక్క, నిజాయితీగా. పిండికి వచ్చిన పైసల్లో లారీ కిరాయీ, కొట్టు కడిగిన ఫినాయిలూ పోగా రైతులకు కట్టాల్సిన మక్కల పైసలకు తక్కువపడింది. అది బాపు పూడ్చాడు. పొట్టుకు బదులు మామ ఇచ్చిన గొర్రెపిల్ల జమ. తాళంచెవి అక్క కొంగుకు చేరింది. చాలా ఏళ్లు దాన్ని ఖర్చు కిందే రాసుకున్నాను. ఇప్పుడు అక్క ఎదురు కొట్టు కూడా కొనేసింది, నేను అందులోనే కాంటా దగ్గర కూర్చుంటాను. అందుకని ఈమధ్యే ఆ పద్దును జమ వైపు మార్చాను (అక్కకు చెప్పలేదు, చెబితే కమీషన్ అడుగుతుంది).