దాలమ్మ వేలిముద్ర

ఏడేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఎనభై కిలోల జీడిపిక్కల బస్తా అంత బరువు. ఇలా రాయగానే నాకే నవ్వొచ్చింది. నా జన్మలో బస్తా మోసినవాణ్ణి కాదు, మోయించినవాణ్ణి. ఏది చెప్పినా కాస్త పెంచి చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మీ దగ్గర మాత్రం పెంచినచోటల్లా మళ్ళీ నేనే దించుతాను. ఓపిక పట్టండి. ఇది ఇంకెవరికీ చెప్పలేదు.

పలాస దగ్గర మాకు జీడిపప్పు కార్ఖానా ఉంది. మా నాన్న పెట్టింది. రెండు వందల మంది ఆడవాళ్ళు పనిచేస్తారని పెళ్ళిళ్ళలో చెప్పేవాణ్ణి. నలభై మంది. పిక్కలు కాల్చడం, కొట్టడం, పొర తీయడం, గుండుపప్పునీ బద్దలనీ వేరుచేయడం, అంతా చేత్తోనే. పిక్క కొడితే కారే జీడినూనె చర్మాన్ని తినేస్తుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా, కొన్నేళ్ళకు వేళ్ళ కొసలు నల్లబడి నున్నగా అయిపోతాయి. పుట్టిన దగ్గర్నుంచీ ఆ చేతులు చూస్తూ పెరిగాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తెలియక చేశానని తర్వాత నేను అన్నా నమ్మకండి.

అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వస్తున్న రోజుల్లో నాకు యంత్రాల పిచ్చి పట్టింది. పిక్కలు కోసే మిషను, రంగును బట్టి పప్పు వేరుచేసే మిషను, గోడలకు కెమెరాలు, హాజరుకి వేలిముద్ర మిషను. మొత్తం నేనే బుర్ర పెట్టి అమర్చానని చెప్పుకున్నాను. అమర్చింది విశాఖపట్నం నుంచి వచ్చిన కంపెనీ మనిషి. నేను కుర్చీ వేసుకుని టీ తాగాను.

ఈ వైభోగం చూపించాలని ఒక పూట తోటి వ్యాపారులను పిలిచాను. రంగుల మిషను నోట్లోంచి పప్పు జలజలా రాలుతోంది. దీని కంటికి ఒక్క మచ్చ తప్పించుకోదని అంటూ ఉన్నాను. అప్పుడు గ్రేడింగు బల్ల దగ్గర్నుంచి దాలమ్మ లేచి వచ్చింది. మా నాన్న కాలం నుంచీ ఉన్న మనిషి. నేను నిక్కర్లు వేసుకునే వయసులో మంచి పప్పుకీ పుచ్చుపప్పుకీ తేడా నేర్పింది ఆవిడే. మిషను కింది తట్టలో చెయ్యి పెట్టి, అటు చూడకుండానే, నాలుగు పప్పులు ఏరి నా అరచేతిలో పోసింది.

"సూడు సిన్న సావుకారూ, నీ మిషనుకి కళ్ళున్నాయి గాని సేతులు నేవు. ఇయి నాలుగూ పుచ్చులే."

విరిచి చూస్తే నిజమే. అందరూ నవ్వారు. అరవై నిండబోతున్న నన్ను చిన్న సావుకారూ అన్నందుకు ఇంకాస్త నవ్వారు. "నీ అసలు మిషను ఇదే గదా బావా!" అన్నాడొకాయన. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను. ఆ నవ్వు కడుపులోకి పోయి అక్కడే ఉండిపోయింది.

ఆ వారమే గుమ్మంలో వేలిముద్ర మిషను తగిలించారు. వేలిముద్ర దానికి అందితే లోపలి అమ్మాయి గొంతు "థాంక్యూ" అంటుంది. అందకపోతే "ప్లీజ్ ట్రై ఎగైన్" అంటుంది. మిగతా ఆడవాళ్ళకు పది వేళ్ళలో ఏదో ఒకటి అందింది. దాలమ్మకు పదీ అందలేదు. కంపెనీ మనిషి ఇంగ్లీషు కలిపి నాతో తేలిగ్గా చెప్పాడు. ఇలాంటివాళ్ళకు వేలు అక్కర్లేదండీ, నంబరు ఇచ్చేశాను, నొక్కితే చాలు, ఆవిడది పదిహేడు అన్నాడు. ఆవిడతో చెబుతానన్నాను. ఆయన వెళ్ళిపోయాడు.

చెప్పలేదు.

పైగా హాజరు పడందే లోపలికి రాకూడదని రూలు పెట్టాను. మర్నాటి నుంచి దాలమ్మ పొద్దున్నే వచ్చి మిషను ముందు నిలబడేది. ఒక్కో వేలూ పెట్టేది. చింతపండుతో రుద్దుకుని వచ్చింది. కుంకుడురసంతో కడుక్కుని వచ్చింది. "ఏటంతాదే ఇది?" అని పక్కవాళ్ళను అడిగేది. "మళ్ళీ పెట్టమంతాది పిన్నీ" అని వాళ్ళు నవ్వి లోపలికి పోయేవారు. ఆవిడ మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చుని వెళ్ళిపోయేది. నేను గదిలో కెమెరాలో చూస్తూ ఉండేవాణ్ణి. ఇలా నెల రోజులు అని రాయబోయాను. తొమ్మిది రోజులు. పెంచితే నా తప్పే కదా పెరిగేది, మరెందుకు పెంచబోయాను? చెడ్డతనంలోనైనా పెద్దవాణ్ణి అనిపించుకోవాలనా?

పదో రోజు నా గదికి వచ్చింది.

"ఏటి సెయ్యమంతావు బాబూ?"

"నా చేతుల్లో ఏటుంది దాలమ్మా? సిస్టం ఒప్పుకోటం లేదు."

"దానికి నానెవులో తెల్దు. నీకు తెలుసు గదా?"

"నాకు తెలిస్తే సరిపోదు. దానికి తెలియాలి."

రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "అయితే నా సేతులే పాడైపోనాయి" అంది. వాటిని కొంగుకి తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నన్ను చిన్న సావుకారూ అనలేదు. నేను కోరుకున్నది అదే.

పదిహేడు. ఒక్క మాట. నాలుక మీదే ఉంది. ఎందుకు అనలేకపోయాను? కోపమా? కోపం ఎప్పుడో చల్లారింది. తొమ్మిది రోజులు దాచిన మాట పదో రోజు చెబితే, ఆ తొమ్మిది రోజులూ ఎందుకు దాచావని ఆవిడ అడుగుతుంది, అడగకపోయినా నా మొహం చూసి కనిపెట్టేస్తుంది, పుచ్చుపప్పును పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకుంటుంది. అందుకని మిషను చాటున దాక్కున్నాను.

ఇప్పుడు కార్ఖానా బ్రహ్మాండంగా నడుస్తోంది. ఇది పెంచిన మాట కాదు. సెలవు కావాలంటే ఫోనుకి మెసేజి వస్తుంది. ఎక్కడ ఏది ఆగినా గంట మోగుతుంది. నా గదికి ఎవరూ రారు. పూర్వం ఆడవాళ్ళు వచ్చి సెలవు కోసం అబద్ధాలు చెప్పేవారు, నా అబద్ధాలకు నవ్వేవారు. నేను లేకుండా అన్నీ జరిగేలా అమర్చుకున్నాను. అలాగే జరుగుతున్నాయి.

దాలమ్మ భావనపాడులో కూతురి దగ్గర ఉంది. అటునుంచి పనికి వచ్చే ఒకామె చెప్పింది: "నీ మీద మాట పడనీదు బాబూ. సావుకారు మంచోడే, నా సేతులే పాడైపోనాయి అంతాది." బస్సులో గంట కూడా పట్టదు. వెళ్ళలేదు. వెళతానని కూడా మీకు చెప్పను, అది మళ్ళీ పెంచి చెప్పడమే అవుతుంది.

మిషన్లోంచి ఆవిడ పేరు తీసేయలేదు. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి ఒకటి, ఏడు నొక్కుతాను. "థాంక్యూ" అంటుంది. ఈ ఏడేళ్ళలో దాలమ్మ ఒక్క రోజు నాగా పెట్టలేదు. నాకు జ్వరం వచ్చిన రోజులు తీసేయండి. ఇది ప్రాయశ్చిత్తం అనుకోకండి. సాయంత్రం దాకా నాతో మాట్లాడే గొంతు అదొక్కటే అయిన రోజులున్నాయి. దానికోసమే నొక్కుతున్నానేమో.

ఆవిడ చేతులు పాడవలేదు. ఆవిడకు ఒక నంబరు ఉండేది. నేను చెప్పలేదు.

ఈ మూడు మాటల్లో పెంచింది ఏమీ లేదు.