ఎనిమిది మీటర్ల ఆసుపత్రి

గజపతినగరంలో ఒక మూడంతస్తుల ఆసుపత్రిని ఒక్క పూటలో ఎనిమిది మీటర్లకు కుదించేసిన ఘనుడొకడున్నాడు. వాడు నేనే. ఎలా కుదించానో, దాంతో మా చెల్లెలి మొగుడు సింహాచలం పని ఎలా పోబోయిందో చెబుతాను. మీరు ఎంతైనా నవ్వుకోండి. అప్పటి నన్ను చూసి జాలి మాత్రం పడకండి, వాడు అందుకు తగడు.

అప్పటికి నేను టెలిఫోన్ల ఉద్యోగం నుంచి దిగి రెండేళ్లు. జిల్లాలో సగం స్తంభాలు నేను పాతించినవేనని చెప్పుకు తిరిగేవాణ్ణి. సరే, సగం కాదు. ఓ నలభై. అందులో రెండు వంకరవి.

సింహాచలం ఇళ్లకు కరెంటు వైరింగు చేసుకునే మనిషి. అతనికి దొరికిన మొదటి పెద్ద పని ఆ ఆసుపత్రికి కంప్యూటర్ల తీగలు లాగడం. గోడల్లో తొంభై ఆరు పాయింట్లు. ప్రతి పాయింటు నుంచీ ఒక తీగ బయల్దేరి, కింద ఒక గదిలో ర్యాక్ అనే ఇనప బీరువాలోకి చేరుతుంది. అన్ని తీగలూ పరీక్షకు నిలిచాయని కాగితం చూపిస్తే, అదే యజమాని శృంగవరపుకోటలో కడుతున్న రెండో ఆసుపత్రి పని కూడా అతనిదే. చూపించలేకపోతే మళ్లీ ఇంటింటికీ తిరిగి ఫ్యాన్లు బిగించుకోవడమే.

ఆ పరీక్షకు ఒక మిషను ఉంది. విశాఖపట్నం నుంచి ఒక్కరోజుకు అద్దెకు తెచ్చాం. అది రెండు ముక్కలు. ఒకటి ర్యాక్ దగ్గర, రెండోది గదిలో పాయింటుకు తగిలించి మీట నొక్కితే, తీగ ఎంత పొడవు, అందులో కబురు ఎంత చెడకుండా పోతోంది, అన్నీ కొలిచి పచ్చగా పాస్ అనో ఎర్రగా ఫెయిల్ అనో తేల్చేస్తుంది. ఆ ఫలితాన్ని గది నంబరుతో దాచుకోవాలి. అలా తొంభై ఆరు సార్లు.

"బావా, ఈ మిషను సంగతి నాకు తెల్దు. నువ్వు సూస్తావేటి?" అన్నాడు సింహాచలం.

"ముప్పయ్యేళ్లు తీగల్తోనే కాపరం సేసినోణ్ణి. నన్నా అడుగుతన్నావు?"

"అది కాదు బావా. లిఫ్టు ఇంకా పెట్టలేదు. గదిగదికీ ఎక్కి దిగాల."

"ఎక్కుతాన్లే. నువ్వెల్లి నీ బోర్డులు బిగించుకో."

ఎక్కాను. ఆరు మెట్లు. నిజం చెప్పాలంటే నాలుగు. మోకాలు పట్టేసింది. బయట ఎండ పెనం మీద నూనెలా ఉంది. ఆసుపత్రి మొత్తానికి ఏసీ పెట్టిన గది ర్యాక్ గది ఒక్కటే. ఆ గదికీ ఒక పాయింటు ఉంది. అంటే మిషను రెండు ముక్కలూ ఒళ్లో పెట్టుకుని, చల్లగా కుర్చీలో కూర్చునే పరీక్ష చేయవచ్చు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా పిసకాలా, ఒక్క మెతుకు చాలదా? ఇలాంటి వెధవల చేతికి అందకుండా సామెతల్ని అటక మీద పెట్టాలండీ.

మీట నొక్కాను, పచ్చ. నూటొకటో గది అని పేరు పెట్టాను. తీగ మార్చకుండానే మళ్లీ నొక్కాను, పచ్చ. నూటరెండు. మూడో అంతస్తు చేరేసరికి నాకు చిన్న కునుకు కూడా పట్టింది. భోజనాల వేళకి తొంభై ఆరూ పాస్.

"అన్నీ పాసేనా బావా?"

"నీ సెయ్యి, నా సూపు. ఫెయిలెలాగవుతాది?"

సింహాచలానికి కళ్లు చెమర్చాయి. ఆ కళ్లలోకి చూస్తూ మీసం దువ్వుకున్నాను నేను. నా మొహానికి అప్పట్లో సిగ్గు అనేది బిగించలేదు కాబోలు.

రెండు గంటలకి ఆసుపత్రి తరఫున ఇంజనీరమ్మ వచ్చింది. బొబ్బిలి పిల్ల, పేరు సుజాత. ఫలితాలన్నీ కంప్యూటర్లో పెట్టుకుని, పైనుంచి కిందకి చూసి, కిందనుంచి పైకి చూసింది.

"గురువుగారూ, మూడో అంతస్తులో మూల గది తీగ పొడవెంతండీ?"

"అందులో రాసుండాలమ్మా."

"ఎనిమిది మీటర్లని రాసుంది. మరి గేటు దగ్గర వాచ్‌మన్ గదికి?"

"అదీ అందులోనే..."

"అదీ ఎనిమిదేనండి. ఓసారి నాతో నడవండి."

ర్యాక్ దగ్గర మొదలెట్టి అడుగులు లెక్కపెడుతూ నడిచింది. వెనక నేను, నా వెనక సింహాచలం. మందుల కొట్టు కిటికీ ముందు ఆగింది. "ఎనిమిది మీటర్లయ్యాయి. గేటెక్కడుందండి?"

గేటు దూరంగా ఎండలో మెరుస్తోంది. దాక్కోవడానికి నాకిక చోటు లేదు. ఆ ఎనిమిది మీటర్లూ ర్యాక్ గది తీగవేనని, మెతుకు సామెతతో సహా అంతా కక్కేశాను.

"ఆ సామెత ఒక కుండకండీ," అంది ఆవిడ నెమ్మదిగా. "ఇవి తొంభై ఆరు కుండలు. వీటిమీద నేను సంతకం పెట్టను."

సింహాచలం నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "బావా, నేను లాగిన తీగల మీద నీకు నమ్మకం లేకపోయినాదేటి?"

ఆ మాటకి మోకాలి నొప్పి ఎటు పోయిందో పోయింది. ఇంజనీరమ్మ కాళ్లావేళ్లా పడి సాయంత్రం దాకా గడువు తీసుకున్నాను. ర్యాక్ దగ్గర సింహాచలం, పైన నేను, మధ్యలో ఫోను.

"పెట్టీసేవా బావా?"

"పెట్టీసేను, నొక్కు."

"పాస్. తరవాత గదికెల్లు."

గేటు దాకా పరుగెత్తాను. నడిచానులెండి. రెండుసార్లు కూర్చున్నాను కూడా.

తొంభై అయిదు తీగలు నిజాయితీగా పాసయ్యాయి. సింహాచలం చేతిలో ఒక్క తప్పు లేదు. మొదటినుంచీ తిన్నగా నడిచి ఉంటే మధ్యాహ్నానికే సంతకం అయిపోయేది.

ఫెయిలయింది ఒక్కటి. ర్యాక్ గదిలోదే. ఏసీ గాలి తిన్నగా తగలాలని కుర్చీ జరుపుకుంటూ, గోడకింకా బిగించని ఆ పాయింటును పెట్టెతో సహా ఒళ్లోకి లాక్కుని పొద్దున్నంతా సాగదీశాను. చివరికి లోపల తీగ ఊడిపోయింది. నేను తొంభై ఆరు సార్లు పాస్ చేసిన తీగ అదొక్కటే.

సింహాచలం పది నిమిషాల్లో దాన్ని సరిచేశాడు. సుజాతమ్మ సంతకం పెట్టింది. శృంగవరపుకోట పనీ అతనికే వచ్చింది, ఒక్క షరతు మీద: పనివాళ్లుగా ఎవరినైనా పెట్టుకోవచ్చు, ఆ మిషను మాత్రం బావగారి చేతికివ్వకూడదు.

నేనూ ఆ రోజే రామతీర్థం కొండవైపు తిరిగి అక్కడి రాముడికి దండం పెట్టి ఒట్టేసుకున్నాను. కళ్లారా చూడని తీగను ఈ జన్మలో పాస్ చేయనని. ఇన్నేళ్లుగా ఒక్కసారి కూడా ఆ ఒట్టు తప్పలేదు. పరీక్ష చేసిపెట్టమని నన్ను మళ్లీ పిలిచినవాడు ఒక్కడూ లేడనుకోండి.