కప్పకు ఏడు కుట్లు

నిన్న దవాఖానలో నా మనవరాలి మోకాలికి స్పిరిటు రాస్తుంటే, ఆ వాసనకు వనపర్తి బడిలోని రేకు పళ్లెం, అందులో వెల్లకిలా పడున్న కప్ప గుర్తొచ్చాయి.

పై జమాతులో చేరిన మొదటిరోజే జీవశాస్త్రం సారు చెప్పారు: "ఏడాది ఒడిసేసరికి మీకు మూడు పనులు రావాలె. చూసింది చూసినట్టు చెప్పుడు, దాన్నే గీసుడు, కప్పను కోసి లోపలున్నవి చూపెట్టుడు."

కోశాక కుట్టే సంగతి సారు మరిచిపోయారనుకున్నాను. మా తాత గొర్లకాపరి. తోడేలు చీల్చిన గొర్రె కడుపును ఆయన కుట్టి పసుపు అద్దితే, అది మూడోనాటికి మేతకు పోయింది.

"తాతా, నీ సూది జర ఇయ్యవా? బడిల కప్పను కోస్తరంట."

"కోసినంక కుట్టకుంటె ఎట్ల మరి!" అంటూ తాత సూదిలో దారమెక్కించి, దారానికి పసుపు కూడా రాసి ఇచ్చాడు.

కోత అయ్యాక నేను సూది తీస్తే జమాతంతా గొల్లున నవ్వింది. సారు మాత్రం నవ్వలేదు.

"అది కొయ్యకముందే చచ్చిపోయింది బిడ్డా. ఇగ లేవదు."

నా కళ్లలో నీళ్లు చూసి, చొక్కా చేతులు పైకి మడిచి, కప్ప పొట్ట అంచులు రెండూ వేళ్లతో దగ్గరికి పట్టారు. "కుట్టు," అన్నారు. ఏడు కుట్లు వేశాను. చివరిది వంకరపోయింది. ఇద్దరం దాన్ని బడి వెనక పూడ్చిపెట్టాం.

పరీక్షలో మాత్రం ఆ మూడు పనులే అడిగారు.

మరుసటేడు మా తమ్ముడు అదే జమాతులో చేరాడు. మొదటిరోజు ఇంటికి రాగానే తాతను సూది అడిగాడు. సారు వాళ్లకు నాలుగు పనులు చెప్పారట.